మరుగుదొడ్డిలో నీరు నిలవకపోతే

చెంబు పట్టుకుని చెరువు గట్టుకు పరుగెత్తిన రోజులు పూర్వ విద్యార్థులకు గుర్తే. దొడ్లు కట్టినా కంపు కొడితే పిల్లలు మళ్లీ గట్టుకే పోతారు. బేసిన్ కింద వంపులో నిలిచే నీరే పైపులోని దుర్వాసనను ఆపుతుంది. కోటబొమ్మాళి మీదుగా వెళ్లే వందేభారత్ రైలు దొడ్డిలో వాక్యూమే మలాన్ని లాగుతుంది. హాస్టల్లో ఒక్కోసారి అదే వాక్యూమ్ మనకు శత్రువు! పక్క గదిలో బకెట్ నీళ్లు గుమ్మరించి చూడండి. ఆ నీరు జోరుగా దిగుతూ పైపులో గాలిని లాగి, మన వంపులోని నీటిని గుటగుటమని పీల్చేస్తే మేడమీది గాలి గొట్టం మూసుకుపోయినట్టే, చెత్త తీయించాలి. ఎవరూ పోయకుండానే మెల్లగా తగ్గితే వంపులో గుడ్డపీలికైనా చిక్కి ఉండాలి, పగులైనా ఉండాలి. పీలిక దీపపు ఒత్తిలా నీటిని అవతలికి జారుస్తుంది. తీగ కొక్కెంతో లాగేయొచ్చు. పగిలితే వార్డెన్ గారికి చెప్పి వంపు మార్పించాలి, పైపైన సిమెంటు మెత్తితే ఆగదు.