వాయువూ కాదు, ద్రవమూ కాదు: లోహాలను వేరుచేసే ఒక దారి

పాడైన కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు పాతసామాన్ల వాళ్ళకు అమ్మేస్తాం. తర్వాత అవి ఎక్కడికి వెళ్తాయి? ఢిల్లీలోని సీలంపూర్‌లో, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో పేద కుటుంబాలు సర్క్యూట్ బోర్డులను కాల్చి, ఆమ్లంలో ముంచి రాగి, బంగారం తీస్తూ వచ్చాయి. పొగ వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి, వాడేసిన ఆమ్లం నేలలోకి, నీటిలోకి చేరుతుంది. ఇంత హాని లేకుండా లోహాన్ని తీయలేమా? శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్న మార్గాల్లో ఒకటి సూపర్‌క్రిటికల్ ప్రవాహి.

ఏమిటీ ప్రవాహి?

కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీల సెల్సియస్ దాటించి, వాతావరణ పీడనానికి సుమారు 73 రెట్లకు మించి ఒత్తిడి పెడితే, అది వాయువూ ద్రవమూ కాని స్థితికి వస్తుంది. వాయువులా సన్నటి సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా పదార్థాలను కరిగించుకుంటుంది. ఒత్తిడి తగ్గించగానే వాయువుగా మారిపోతుంది, కరిగిన పదార్థం మిగులుతుంది. ఆ వాయువును పట్టి మళ్ళీ వాడుకోవచ్చు. కాఫీ గింజల నుంచి కెఫీన్ తీసే పరిశ్రమల్లో ఈ ప్రవాహినే వాడుతున్నారు.

లోహం ఎలా కరుగుతుంది?

లోహ అయాన్లకు విద్యుదావేశం ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ అలాంటివాటిని దాదాపు కరిగించుకోదు. అందుకే లైగాండ్ అనే అణువును తోడుగా పంపుతారు. అది అయాన్‌ను చుట్టి పట్టుకుని ఆవేశాన్ని కప్పేస్తుంది. అప్పుడు లోహం ప్రవాహిలో కలిసి బయటికి వస్తుంది. 1990ల ఆరంభంలో అమెరికాలోని ఇడాహో విశ్వవిద్యాలయంలో చియన్ వాయ్ బృందం ఫ్లోరిన్ ఉన్న లైగాండ్‌తో రాగి అయాన్లను ఇలా తీసి చూపింది. లైగాండ్‌ను బట్టి, ఒత్తిడిని బట్టి ఒక లోహాన్ని మరోదాని నుంచి వేరుచేయవచ్చు.

యురేనియం విషయంలో ఇది మరింత స్పష్టం. పాత పద్ధతిలో ముందు నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, తర్వాత కిరోసిన్ వంటి ద్రావణితో వేరుచేస్తారు. రెండు దశల్లోనూ వ్యర్థ ద్రవం మిగులుతుంది. ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌కు కొద్ది నైట్రిక్ ఆమ్లం జోడించి ఈ ప్రవాహిలో పంపితే, యురేనియం ఆక్సైడ్ నేరుగా కరిగి వస్తుంది. వ్యర్థం బాగా తగ్గుతుంది.

ఇబ్బందులు

అంత ఒత్తిడిని తట్టుకునే ఉక్కు పాత్రలు ఖరీదైనవి, లైగాండ్లూ చౌక కాదు. బోర్డుల్లోని రాగి, బంగారం లోహరూపంలో ఉంటాయి కాబట్టి ముందు వాటిని అయాన్లుగా మార్చాలి. ఇది ఇంటి డాబా మీద చేసే పని కాదు, శిక్షణ పొందిన చేతులు కావాలి. పని కర్మాగారాలకు మారితే, నేడు బోర్డులు కాల్చుతున్న కుటుంబాల పిల్లలకు ఆ శిక్షణ అందాలి. లేకపోతే పొగతో పాటు వాళ్ళ కూడూ పోతుంది.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఒకటుంది. పాత ఫోన్‌ను అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికే ఇద్దాం.