ఊనోదరము, కండబలము

అంగడిలో గద్దె మీద కూర్చుండి ఉదయము 9 గంటలు మొదలు రాత్రి 9 గంటల దాకా బేరము చేసే వ్యాపారి శరీరములో నిజముగా పని చేసేవి రెండే: నోరు, కుడిచేయి. సరుకు దించడానికి హమాలీ ఉన్నాడు, లోపలి నుండి తెచ్చి చూపడానికి గుమాస్తా ఉన్నాడు, ఇంటికి పోవడానికి బండి ఉన్నది. ఇంటిలో స్త్రీల సంగతియు ఇంచుమించు అంతే. రుబ్బురోలు, తిరుగలి, బావి చేద పోయి యంత్రాలు వచ్చినవి. పని తగ్గినది గాని పళ్లెము తగ్గలేదు. నలభై దాటకముందే పొట్ట ముందుకు రావడము, యాభైకి మోకాళ్లు పట్టివేయడము, చక్కెర వ్యాధి మాత్రలు గల్లాపెట్టె పక్కకు చేరడము మన ఇండ్లలో సామాన్యమైపోయినవి. దేశమంతటా జరిపిన ఒక పెద్ద సర్వే ఫలితాలను భారత వైద్య పరిశోధన మండలి వారు 2023లో వెలువరించినారు. ఆ లెక్క ప్రకారము మన దేశములో మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది.

మనము ఉపవాసాలు చేసేవారము, కందమూలాలు ముట్టనివారము, రాత్రి భోజనము మానినవారము గదా, మనకు స్థూలకాయము ఎందుకు వచ్చినదని ఎవరైనా అడుగవచ్చును. నియమము ఉన్న చోట కూడ లెక్క లేకపోతే ఇట్లే జరుగును. ఈ వ్యాసములో చెప్పదలచినది ఒక్కటే. అప్పుడప్పుడు చేసే ఉపవాసము వలన బరువు తగ్గి నిలువదు. ప్రతి పూట కొంచెము వెలితిగా తినే ఊనోదరమును పాటించి, దానికి కండను పెంచే వ్యాయామమును జత చేసినప్పుడే పోయినది కొవ్వు, మిగిలినది బలము అవుతుంది.

తపస్సు వేరు, బరువు తగ్గడము వేరు

మన శాస్త్రాలు బాహ్య తపస్సును ఆరు విధాలుగా చెప్పినవి. వానిలో మొదటి నాలుగు ఆహారమునకు సంబంధించినవే. అనశనము అనగా ఆహారమును మానడము. అవమౌదర్యము లేక ఊనోదరము అనగా ఆకలి కంటె తక్కువ తినడము. వృత్తి పరిసంఖ్యానము అనగా ఇన్ని పదార్థాలే, ఇన్నిసార్లే అని హద్దు పెట్టుకోవడము. రస పరిత్యాగము అనగా నేయి, నూనె, పాలు, పెరుగు, తీపి మొదలైన రసాలను వదలడము. వీని లక్ష్యము కర్మ నిర్జర; నడుము సన్నబడడము కాదు.

ఉపవాసమును బరువు తగ్గే మందుగా చూచినచో తపస్సు విలువయు తగ్గును, బరువుయు నిలువదు. పర్యుషణములలో ఎనిమిది దినాలు గాని, దశలక్షణ పర్వములో పది దినాలు గాని ఆహారము మానినప్పుడు ముందుగా తగ్గేది చాల వరకు నీరు. తరువాత కొవ్వుతో పాటు కండ కూడ కరుగును. పారణ మొదలుకొని నేతి వంటలు, మిఠాయిలు, బంధువుల విందులు వరుసగా వచ్చును. కొవ్వు తన చోటికి తాను తిరిగి వచ్చును. కండ మాత్రము పని పెట్టనిదే తిరిగి రాదు. కొన్ని ఏండ్లు ఇట్లే జరిగితే కాటా మీద బరువు పాతదే గాని, లోపల సరుకు మారిపోయి ఉండును.

పెద్దలు పురుషునికి 32 కబళాలు, స్త్రీకి 28 కబళాలు పూర్ణాహారమని లెక్క కట్టి, అందులో ఒక్క కబళము తగ్గినను ఊనోదరమే అన్నారు. ఉపవాసము ఏడాదిలో కొన్ని దినాలకే సాధ్యము. ఊనోదరము 365 దినాలు సాధ్యము. నిలకడగా బరువు తగ్గాలంటే ఖర్చయ్యే దానికంటె కొంచెము తక్కువ తినవలెనని నేటి వైద్యులు చెప్పేది కూడ ఇదే.

ఆహారపు చిట్టా

వ్యాపారికి అంకెలు చెప్పితే త్వరగా బోధపడును. నూనె, నేయి వంటి కొవ్వు 1 గ్రాముకు 9 కేలరీలు. పిండి పదార్థాలు, మాంసకృత్తులు 1 గ్రాముకు 4 కేలరీలు. శరీరములో చేరిన 1 కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీల నిలువ.

అంగడిలో రోజుకు ఆరు కప్పుల టీ, కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకొందము. చెంచాకు 5 గ్రాముల చొప్పున 60 గ్రాములు, అనగా 240 కేలరీలు. నెలకు 7,200 కేలరీలు. ఇంచుమించు ఒక కిలో కొవ్వుకు సరిపోయే పద్దు ఇది. శరీరము కొంత సర్దుకొనును గనుక చక్కెర మానగానే అచ్చముగా నెలకొక కిలో పోవునని చెప్పరాదు. అయినా రూపాయి ఎక్కడ కారిపోవుచున్నదో దీనివలన తెలియును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2024లో ప్రకటించిన ఆహార సూత్రాలలో చక్కెరను రోజుకు 25 గ్రాములకు మించనీయవద్దని చెప్పినారు.

నూనె సంగతి ఇంతకంటె పెద్దది. ఒక పెద్ద చెంచాడు నూనె గాని నేయి గాని సుమారు 120 కేలరీలు. మనము బంగాళాదుంప తినము. కాని ఆ స్థానములో అరటికాయ బజ్జీలు, శనగపిండి సేవ, జంతికలు, చేగోడీలు వచ్చి కూర్చున్నవి. నియమము దుంపకు అడ్డు వచ్చినది గాని నూనెకు అడ్డు రాలేదు. రస పరిత్యాగమును వారానికి ఒకటి రెండు దినాలు నూనె, తీపి విషయములో నిజముగా పాటించినచో మార్పు కనబడును.

సూర్యాస్తమయమునకు ముందు భోజనము మనకు వంశపారంపర్యముగా వచ్చిన ఆస్తి. కాని సాయంకాలము గిరాకీ వేళ ఇంటికి పోలేక, అంగట్లోనే వేపుడు పొట్లాలతో కడుపు నింపుకొని, నియమము చెల్లినదనుకొనేవారు ఉన్నారు. 5 గంటలకే ఇంటి నుండి క్యారియరు తెప్పించుకొని రెండు పుల్కాలు లేక ఒక జొన్నరొట్టె, గట్టి పప్పు, ఒక కూర తినడము అంత కష్టము కాదు. గద్దె వెనుక పది నిమిషాల చోటు ప్రతి అంగడిలోను ఉన్నది.

ఎంత వరకు తగ్గవలెనో తెలిసికొనుటకు బట్టల కొట్టు టేపు చాలును. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదని మన దేశస్థులకు పెట్టిన హద్దు. 165 సెంటీమీటర్ల ఎత్తు గలవారు సుమారు 63 కిలోలకు లోపల ఉండడము మంచిది. ఒక్కసారిగా అంతకు దిగనక్కరలేదు. ఉన్న బరువులో నూటికి 5 నుండి 10 వంతులు తగ్గినను రక్తపు పోటు, చక్కెర మెరుగుపడును. వారానికి అర కిలో చొప్పున తగ్గితే చాలును.

పప్పు, పాలు

మాంసకృత్తులు అన్న పేరు చూచి మన ఇండ్లలో కొందరు జంకుతారు. పేరు అట్లున్నది గాని పప్పుధాన్యాలలో, పాలలో అవి పుష్కలముగా ఉన్నవి. శరీరపు బరువు కిలోకు రోజుకు సుమారు 0.83 గ్రాములు కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినది. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వయసు మళ్లినవారికి కిలోకు 1 గ్రాము పైగా ఉంటే మంచిదని పలువురు వైద్యుల అభిప్రాయము.

ఇది మన వంటింటిలోనే సమకూడును. కంది, పెసర, మినుము, శనగ ఏదైనను పొడి పప్పు 80 గ్రాములలో సుమారు 18 గ్రాములు. అర లీటరు పాలు, పెరుగులలో 16 గ్రాములు. 200 గ్రాముల గోధుమ, జొన్న, బియ్యములలో 18 గ్రాములు. మొత్తము 52. చిక్కు ఎక్కడనగా మన పళ్లెములో అన్నము కొండంత, పప్పు పలుచని చారంత. అన్నము సగము చేసి పప్పును గట్టిగా వండి రెట్టింపు చేయవలెను.

మొలకెత్తినవి అనంతకాయమని వదలేవారు ఉడికించిన పప్పుతోనే సరిపెట్టుకోవచ్చును. ద్విదళ నియమము పాటించేవారు పప్పు ఒక పూట, పాలు పెరుగులు మరొక పూట పెట్టుకొంటే రెండును చెల్లును. అష్టమి, చతుర్దశులలో పచ్చి కూరలు మానేవారికి పప్పు ఎట్లును ఉన్నది. పాలు కూడ మానినవారు బి12 విటమిను విషయమై వైద్యుని అడుగవలెను, అది పప్పులో దొరకదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు పెంచుటకు ముందు తమ వైద్యుని సలహా తీసికొనవలెను.

కండ తరిగితే

ముప్పై ఏండ్లు దాటిన తరువాత, పని పెట్టని శరీరములో పదేండ్లకు నూటికి 3 నుండి 8 వంతుల వరకు కండ తరుగుచుండును. అరవై దాటితే తరుగుదల ఇంకను హెచ్చును. భోజనము తరువాత రక్తములోనికి వచ్చే చక్కెరలో పెద్ద భాగమును ఇముడ్చుకొనేది కండయే. గోదాము చిన్నదైతే సరుకు వీధిలో పడి ఉన్నట్లు, కండ తరిగితే చక్కెర రక్తములోనే మిగిలిపోవును.

పొద్దున నడుస్తున్నాము గదా అంటారు. నడక మంచిదే, వారానికి 150 నిమిషాలకు తగ్గకుండ నడువవలెను. కాని దానితో పాటు వారానికి కనీసము రెండు దినాలు కండలకు బలము కలిగించే వ్యాయామము కూడ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో స్పష్టముగా చెప్పినది. ఇంత వయసులో ఏమి వ్యాయామమని పెద్దలు నవ్వవచ్చును. అమెరికాలో బోస్టను నగరములోని ఒక వృద్ధాశ్రమములో సుమారు 90 ఏండ్ల వయసు గల పదిమందికి ఎనిమిది వారాలు కాళ్ల బలము కొరకు బరువులెత్తే వ్యాయామము నేర్పినారు. 1990లో ప్రచురించిన ఫలితాల ప్రకారము చివరి వరకు చేసినవారి కాళ్ల బలము సగటున రెండింతలకు పైగా పెరిగినది. తొంభైలో వచ్చిన బలము యాభైలో రాదా?

దీనికి తాలింఖానా అక్కరలేదు. మొదటిది, కుర్చీ మీద నుండి చేతులు ఆనించక లేచి కూర్చుండడము. అలవాటైన కొలది కుర్చీ తీసివేసి బస్కీలు తీయడము. రెండవది, గోడకు చేతులానించి దండీలు. తరువాత బల్ల అంచున, ఆపైన నేల మీద. మూడవది, అంగట్లో మూలపడి ఉన్న పిడిగల 5 కిలోల తూకపు రాయిని, ఒక చేయి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, రెండవ చేతితో పక్కటెముకల దాకా లాగడము. నాలుగవది, మడమలెత్తి మునివేళ్ల మీద నిలుచుండడము. అయిదవది, రెండు చేతుల రెండు సంచుల సరుకు పట్టుకొని నిటారుగా నడవడము.

ఒక్కొక్కటి 8 నుండి 12 మార్లు చేసి, కొంచెము ఆగి మరల ఒక వరుస చేయవలెను. నడక మాత్రము ఒక నిమిషము చాలును. చివరి రెండు మార్లు కష్టము అనిపించవలెను. 12 మార్లు తేలికైన నాడు బరువు పెంచవలెను. ఊపిరి బిగబట్టరాదు. రాయి ఎత్తేటప్పుడు వీపు గూనిగా వంచరాదు, తుంటి వద్ద వంగవలెను. వారానికి మూడు దినాలు, మధ్య ఒక్కొక్క దినము విశ్రాంతి. ఉపవాస దినాలలో బరువులు ముట్టవద్దు. గుండె జబ్బు, అధిక రక్తపు పోటు ఉన్నవారు ముందుగా వైద్యునికి చూపించుకొనవలెను. మధుమేహమునకు మందులు వాడేవారు తమ ఇష్టానుసారము ఉపవాసము చేయరాదు. చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రమాదము కలుగవచ్చును.

స్త్రీలు బరువులెత్తితే మగవారి వలె అయిపోతారను భయము నిరాధారము. ముట్లు ఆగిన తరువాత ఎముకలు పలుచబడేది వారికే గనుక, కండకు పని పెట్టవలసిన అవసరము వారికే ఎక్కువ.

కొండ ఎక్కే కాళ్లు

జైనులకు శరీర బలముతో ఏమి పని అనేవారు బాహుబలి స్వామిని తలచుకొనవలెను. దృష్టి యుద్ధములో, జల యుద్ధములో, మల్ల యుద్ధములో అన్న భరతుని గెలిచి, చేతుల మీద ఎత్తి కూడ నేలకు కొట్టక దించి, రాజ్యమును విడిచిన మహానుభావుడాయన. ఆయన రాజధాని పోదనపురము నేటి నిజామాబాదు జిల్లా బోధన్ అని చరిత్రకారులు పలువురు చెప్పినారు. తెలుగు జైనులకు అది గర్వకారణము. బలము లేనివాడు కొట్టకపోవడము గొప్ప కాదు. బలము ఉండి విడిచినందుననే అది త్యాగమైనది. మన కర్మ శాస్త్రము కూడ ఎముకల కట్టుబడిని ఆరు సంహననాలుగా విభజించి, మోక్షమునకు వజ్రవృషభనారాచ సంహననము కావలెనన్నది. ఈ పంచమ కాలములో అది మనకు లేకపోవచ్చును. ఉన్న కట్టుబడిని పాడుచేసికొనకుండుట మన చేతిలో ఉన్నది.

శ్రవణబెళగొళలో స్వామి పాదాలను చేరుటకు 600 పైచిలుకు మెట్లు. పాలీతాణా శత్రుంజయమునకు 3,500కు పైగా. సమ్మేద శిఖరజీ యాత్ర ఎక్కి, తిరిగి, దిగి వచ్చేసరికి సుమారు 27 కిలోమీటర్లు. వ్యాధి వలన, వార్ధక్యము వలన డోలీ ఎక్కేవారిని ఎవరును తప్పుపట్టరు. కాని యాభై ఏండ్ల వ్యాపారి తాను తిని పెంచిన కొవ్వును బీదవాని భుజముల మీదికి ఎక్కించి కొండ మీదికి పంపితే, అహింసను నమ్మినవారము ఒకసారి ఆలోచించవలెను. ఇంటిలో సంగతియు అంతే. సామాయికములో 48 నిమిషాలు నేల మీద కూర్చుండి, ఎవరి చేయి పట్టుకొనక లేవడము బలమున్న తొడలకే సాధ్యము. పంచాంగ నమస్కారమునకు వంగి లేవడానికి కావలసినది కూడ ఆ బలమే.

రాబోయే చాతుర్మాస్యములో కుటుంబానికొక చిన్న చిట్టా పెట్టండి. నాలుగు నెలలకు ప్రత్యాఖ్యానము తీసికొనండి: పూటకు నాలుగు కబళాలు తక్కువ, టీలో చక్కెర లేదు, వేపుడు వారానికి ఒక్కసారి, పప్పు ప్రతి దినము, వారానికి మూడు దినాలు వ్యాయామము. నెలకొకసారి నడుము కొలత, బరువు, ఆగకుండ తీయగలిగిన బస్కీల సంఖ్య అందులో వ్రాయండి. దీపావళి నాడు అంగడి లెక్కలతో పాటు ఈ లెక్క కూడ తిరుగవేసి చూడండి. నాలుగు నెలలు కుటుంబమంతా కలిసి పట్టు విడువక చేసిన ఇంటిలో, మరుసటి ఏడు కొండ యాత్రకు డోలీ బేరము ఆడవలసిన పని ఉండదు.

జై జినేంద్ర.