అదుపులోనికి వచ్చిన పిడికిలి

చదువవలసిన భాగము: 1 కొరింథీయులకు 9:24–27



అపొస్తలుడైన పౌలు ఈ భాగములో పందెమున పరుగెత్తువానిని, ముష్టియుద్ధము చేయువానిని మనకు చూపుచున్నాడు. ఊరక గాలిలో గుద్దులు వేసి అలసిపోవువానివలె తాను పోరాడుట లేదనియు, తన శరీరమును లోపరచుకొనుచున్నాననియు ఆయన భావము. ముష్టియుద్ధమే వృత్తిగా జీవించిన జార్జి ఫోర్‌మన్ అను వాని చరిత్ర ఈ మాటను మనకు తేటపరచును.

1. అదుపులేని బలము

ఇతడు 1949 జనవరి 10వ తేదీన అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున మార్షల్ అను ఊరిలో జన్మించి, హ్యూస్టను పట్టణములో ఒక పేదల పేటయందు పెరిగెను. బడి మానివేసి, వీధులలో కొట్లాటలు, దోపిడులు చేయుచు తిరిగెను. తరువాత ప్రభుత్వము బీద యువకులకై నడిపిన శిక్షణాలయములో చేరి ముష్టియుద్ధము నేర్చుకొని, 1968లో మెక్సికో నగరపు ఒలింపిక్ క్రీడలలో బంగారు పతకము పొందెను. 1973 జనవరిలో జమైకా దేశమున జో ఫ్రేజియరును రెండు రౌండ్లలోనే ఆరుమారులు నేలకూల్చి, హెవీవెయిట్, అనగా అత్యధిక బరువుగల యోధుల తరగతిలో ప్రపంచ విజేత ఆయెను.

అప్పటికిని తరువాతి ఏటికిని కలిపి 40 పోటీలలో అతనికి ఓటమి లేదు. 1974 అక్టోబరు 30న, నాడు జైరు అనబడిన కాంగో దేశములోని కిన్షాసా నగరమున మహమ్మద్ అలీ అతనికి ఎదురు నిలిచెను. అలీ తాళ్లకు ఆనుకొని, చేతులతో ముఖమును కాచుకొనుచు, అతనిని కొట్టనిచ్చెను. ఫోర్‌మన్ గుద్ది గుద్ది తన సత్తువంతయు పోగొట్టుకొనెను. ఎనిమిదవ రౌండులో అలీ అతనిని పడగొట్టెను. కాడి మరగని కోడె తొలి సాళ్లలోనే ఎగిరి దుమికి, పొద్దెక్కకముందే చతికిలబడుట మీరు చూచియుందురు గదా! బలము లేక కాదు, బలమునకు అదుపు లేకయే అది పడిపోవును.

ఓడినవాడు తన తప్పు ఒప్పుకొనలేదు. తాళ్లు వదులుగా ఉండెననియు, అంకెలు లెక్కించినవాడు తొందరపడెననియు సాకులు చెప్పెను.

2. ఓటమిలో పిలుపు

1977 మార్చి 17న పోర్టోరికోలోని శాన్ హువాన్ నగరమున జిమ్మీ యంగ్ చేతిలో మరల ఓడెను. ఆ రాత్రి దుస్తులు మార్చుకొను గదిలో తాను మరణపు అంచునకు వెళ్లితిననియు, అక్కడ దేవునికి మొఱ్ఱపెట్టితిననియు అతడు బ్రదుకంతయు సాక్ష్యమిచ్చెను. 28 ఏండ్లకే పోటీలు మాని, వీధి మూలలలో సువార్త ప్రకటించి, హ్యూస్టనులో ఒక చిన్న సంఘమునకు కాపరి ఆయెను. 1984లో అక్కడి పిల్లలకొరకు ఒక కేంద్రము స్థాపించెను.

3. అదుపులోనున్న బలము

ఆ కేంద్రమునకు డబ్బు చాలక, 1987లో 38 ఏండ్ల వయస్సున, బరువెక్కిన శరీరముతో అతడు మరల పోటీలకు దిగెను. అనేకులు నవ్విరి. తలపై దెబ్బలు తినెడు ఆ వృత్తిని మన యువకులకు మాదిరిగా నేను చూపుట లేదు. అతని పట్టుదలనే చూపుచున్నాను. 1991లో ఇవాండర్ హోలీఫీల్డ్ చేతిలో ఓడెను. విశ్వాసి ప్రతి పోటీలోను గెలుచునని దేవుడు ఎవరికిని మాట ఇయ్యలేదు.

1994 నవంబరు 5న లాస్ వేగాస్ నగరమున 26 ఏండ్ల మైకేల్ మూరర్ ఎదుట నిలిచినప్పుడు అతనికి 45 ఏండ్లు. కిన్షాసాలో ఓడినప్పుడు తొడిగిన ఎఱ్ఱని లాగునే మరల తొడిగికొనెను. తొమ్మిది రౌండ్లు వెనుకబడియుండియు తొందరపడలేదు, కోపపడలేదు. పదియవ రౌండులో సమయము చూచి కొట్టగా మూరర్ పడిపోయెను. ఇరువది ఏండ్ల క్రిందట పోయినది తిరిగి వచ్చెను. ఫోర్‌మన్ ఒక మూలకు పోయి మోకాళ్లూనెను.

అయితే దీనికంటె గొప్పది 1997లో జరిగెను. కిన్షాసా పోటీనిగూర్చిన చలనచిత్రమునకు ఆస్కార్ బహుమానము వచ్చినప్పుడు, వణుకు వ్యాధితోనున్న అలీ వేదిక మెట్లు ఎక్కవలసి వచ్చెను. అతనికి చేయి ఆసరా ఇచ్చి ఎక్కించినవాడు ఫోర్‌మనే. అతడు 2025 మార్చి 21న 76వ ఏట మరణించెను.

ప్రియులారా, గట్టు తగవులో అన్నమీద గెలిచిన తమ్ముడు, పండుగనాడు అన్న గడప త్రొక్కలేకపోయినచో, అతడు గెలిచినది ఏమి? ఇంటిలో భార్యమీద, బిడ్డలమీద లేచు చేయి గాలిని కొట్టుచున్నదే గాని శత్రువును కాదు. శత్రువు మన లోపలనే యున్నాడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నా ఓటమికి నేను చెప్పుకొనుచున్న సాకు ఏది?
2. నా బలము ఎవరిని పడగొట్టుచున్నది? ఎవరిని లేవనెత్తుచున్నది?
3. నాతో పోరాడినవానికి ఈ నెలలో నేను ఏ మెట్టు ఎక్కుటకు చేయి అందింపగలను?