అత్తిలినాటి జినభవనం

నరసాపురం

చిరంజీవి మనవరాలికి,

జైన క్షేత్రాల మీద ప్రాజెక్టు తలపెట్టావని మీ అమ్మ చెప్పింది. భీమవరం పక్కన పెదమిరం వెళ్లినప్పుడు ముందు విగ్రహం కింది పీఠం చూడు. తీర్థంకరులు కూర్చున్నా నిలబడ్డా ధ్యానం ఒకటే, ముఖాలూ ఒక్కలాగే ఉంటాయి. ఎవరు ఎవరో చెప్పేది కింద చెక్కిన లాంఛనమే. ఎద్దయితే ఋషభనాథుడు, జింకయితే శాంతినాథుడు, సింహమయితే మహావీరుడు. పెదమిరం మూలనాయకుడు, అంటే గుడిలోని ప్రధాన మూర్తి, విమలనాథుడు. ఆయన లాంఛనం వరాహం. తెలియనివాళ్లు విష్ణువుకు ముడిపెట్టేస్తారు. ఆలమూరు దగ్గర గుమ్మిలేరులో కొలువైన పార్శ్వనాథుణ్ణి మాత్రం తలమీది పాము పడగలే పట్టిస్తాయి.

పొలంలో విగ్రహం బయటపడితే బుద్ధుడనేస్తారు. ఎడమ భుజం మీద వస్త్రం మడత ఉందేమో వెతుకు. పాత దిగంబర విగ్రహాలకు అది ఉండదు.

ఇప్పటి పాలరాతి గుళ్లు చూసి, జైనం ఉత్తరాది వ్యాపారులతోనే ఇటు వచ్చిందనుకునేవాళ్లు చాలామంది. అది తప్పు. 10వ శతాబ్దంలో వేంగిని ఏలిన రెండవ అమ్మరాజు అత్తిలినాటిలోని కలుచుంబర్రు గ్రామాన్ని జైన గురువు అర్హనందికి దానమిచ్చాడు. కోరింది ఆ గురువు శిష్యురాలు చామెకాంబ. ఎందుకనుకున్నావు? సర్వలోకాశ్రయ జినభవనం అనే జైన ఆలయంలోని సత్రాన్ని, అంటే అన్నం పెట్టే చోటును, బాగుచేయించడానికి. విగ్రహానికి నగలు కాదు, వచ్చినవాళ్లకు భోజనం! ఆ దానం రాసిన శాసనంలో మనసుకు పట్టే మాట ఇదే. ఒక స్త్రీ పట్టుదల రాగిరేకుకెక్కి వెయ్యేళ్లు నిలిచింది.

రాత నిలిచినంతగా గుళ్లు నిలవవు. ఏటి ఒడ్డు గుడి ఎలా పోతుందో తెలియాలంటే కడప జిల్లాలో జమ్మలమడుగు దగ్గరి దానవులపాడు చూడాలి. పెన్న గట్టున ఇసుక మేటల కింద కూరుకుపోయిన జైన ఆలయాన్ని 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ తవ్వి తీసింది. శాంతినాథుడి అభిషేకానికి రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు చేయించిన రాతి పీఠం అక్కడ దొరికింది. సన్యసన వ్రతంతో, అంటే ఆహారం మానేసి, దేహం వదిలినవారి పేరిట నిలిపిన నిషిధి స్తంభాలూ బయటపడ్డాయి. కొన్ని శిల్పాలు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి.

ఇక కలుచుంబర్రు శాసనాన్ని శాసన పరిశోధకుడు ఫ్లీట్ ఎపిగ్రాఫియా ఇండికా 7వ సంపుటిలో అచ్చువేశాడు. ముందు అది చదువు. సెలవుల్లో ఇక్కడికొస్తే భీమవరం మీదుగా రైల్లో అత్తిలి వెళ్దాం. కాపీ మాత్రం వెంట తెచ్చుకో. గ్రామ సరిహద్దులు అందులోనే ఉన్నాయి.

ఇట్లు,
మీ తాతయ్య