టామ్‌క్యాట్ వెబ్‌యాప్స్‌లో నా అప్లికేషన్ ఏదీ?

ప్రశ్న: ఎక్లిప్స్‌లో సర్వర్స్ వ్యూ నుంచి టామ్‌క్యాట్ నడుపుతున్నాను. అప్లికేషన్ బ్రౌజర్‌లో చక్కగా వస్తోంది. కానీ టామ్‌క్యాట్ వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో దాని జాడే లేదు. ఎక్కడికి పోయినట్టు?

జవాబు: ఎక్కడికీ పోలేదు, మీ వర్క్‌స్పేస్‌లోనే ఉంది. ఎక్లిప్స్ మామూలుగా అసలు టామ్‌క్యాట్ ఫోల్డర్ జోలికి వెళ్లదు. వర్క్‌స్పేస్‌లోని డాట్ మెటాడేటా ఫోల్డర్ లోపల, ప్లగిన్స్ కింద, టీఎంపీ0 అనే పేరుతో సొంత కాపురం పెట్టుకుంటుంది. అందులోని డబ్ల్యూటీపీవెబ్‌యాప్స్‌లో మీ ఫైళ్లు కనిపిస్తాయి. డాట్ మెటాడేటా పేరు ముందు చుక్క ఉంది కాబట్టి లైనక్స్, మ్యాక్‌లలో ఆ ఫోల్డర్ దాగి ఉంటుంది.

సర్వర్స్ వ్యూలో సర్వర్ పేరు పక్కనున్న బాణం నొక్కితే, దాని కింద ఏయే అప్లికేషన్లు ఎక్కాయో వరసగా వస్తాయి. పక్కన బ్రాకెట్లలో ఉండే మాట చూడండి. ‘సింక్రనైజ్డ్’ అంటే మీ తాజా కోడ్ చేరినట్టు. ‘రీపబ్లిష్’ అంటే ఇంకా చేరలేదు. రైట్ క్లిక్ చేసి పబ్లిష్ కొట్టాలి. మార్పు కనిపించడం లేదని బ్రౌజర్‌ను తిట్టుకునే ముందు ఇటు ఒక చూపు వేయడం మేలు.

సర్వర్ మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీలో, మాడ్యూల్స్ ట్యాబ్‌లో ఏ అప్లికేషన్ ఏ పాత్‌లో ఉందో తెలుస్తుంది. ఫైళ్లు అసలు టామ్‌క్యాట్ ఫోల్డర్‌లోకే చేరాలంటే, ఓవర్‌వ్యూ ట్యాబ్‌లోని సర్వర్ లొకేషన్స్‌లో ‘యూజ్ టామ్‌క్యాట్ ఇన్‌స్టలేషన్’ ఎంచుకోవచ్చు. అది మసకబారి ఉంటే, ముందు అప్లికేషన్లన్నీ తీసేసి పబ్లిష్ చేయండి. అదే ట్యాబ్‌లో ‘సర్వ్ మాడ్యూల్స్ వితౌట్ పబ్లిషింగ్’కు టిక్ ఉందేమో కూడా చూడండి. ఉంటే ఫైళ్లు కాపీ కావు, ప్రాజెక్టు నుంచే నేరుగా నడుస్తాయి.