కారు అద్దము తనంత తాను పగులునా?

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో మోటారు కారు ధనికులకు మాత్రమే చెందిన వస్తువుగా నేడు మిగిలి యుండలేదు. ద్రాక్ష, టొమాటో పండించు రైతులు, పట్టుగూళ్ల వర్తకులు, ఉపాధ్యాయులు, దినదినము బెంగుళూరికి పోయి వచ్చు ఉద్యోగులు పలువురు కార్లు కొనుచున్నారు. కారుతో కూడ ఒక క్రొత్త వింతయు మన ఇండ్లకు వచ్చినది. రాత్రి ఇంటి ముందు నిలిపిన కారు అద్దముపై తెల్లవారునప్పటికి జానెడు బీట కనుపించును. లేదా నున్నని రోడ్డుపై పోవుచుండగా తుపాకి ప్రేలినట్లు చప్పుడై, పైకప్పు అద్దము పొడిపొడి యగును. రాయి తగులుట ఎవరును చూచి యుండరు. అప్పుడు ఇంటిలో విచారణ మొదలగును. పెద్దలు దిష్టి యందురు. యజమాని డ్రైవరును అనుమానించును. చాల యిండ్లలో మాత్రము మొదటి ముద్దాయి వీథిలో బంతి యాడిన పిల్లవాడే.

ఆ పిల్లవానికి న్యాయము జరుగవలెనన్న గాజు స్వభావము మనకు తెలియవలెను. అందుకొరకే తల్లిదండ్రుల నుద్దేశించి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

గాజు బలము, గాజు బలహీనత

తెలుగులో గాజు అన్న ఒక్క మాటయే పదార్థమునకును చేతి ఆభరణమునకును చెల్లును. కన్నడములో గాజు వేరు, బళె వేరు. చింతామణి తాలూకా కైవారమున వెలసి, తెలుగు కన్నడములు రెంటను పదములు చెప్పిన తాతయ్యగారు మొదట గాజుల వర్తకమే చేసిరని మనమందరము విన్నదే. గాజుల మలారము మోసిన వారికి ఒక సంగతి బాగుగ తెలియును. ఒకే కట్టలోని రెండు గాజులు చూపునకు ఒకే రీతిగ నుండును. ఒకటి ఏండ్ల తరబడి చేతికి నిలుచును, మరొకటి తొడుగుచుండగనే చిట్లును. కంటికి కనబడని బీట రెండవదానిలో ముందే కలదు. కుండను కొను ఇల్లాలు దానిని వ్రేలితో తట్టి చప్పుడు వినుట ఇందుకొరకే.

ఈ అనుభవమునకు శాస్త్రరూపము నిచ్చినవాడు ఎ. ఎ. గ్రిఫిత్ అను ఆంగ్లేయ ఇంజనీరు. గాజునకు ఉండదగిన బలములో స్వల్పభాగమే వాడుకలో కనబడుటకు కారణము దానిపై నుండు అతిసూక్ష్మమైన బీటలేయని ఆయన 1921లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. గాజును లాగినప్పుడు ఆ లాగుడంతయు బీట కొనయందు కేంద్రీకరించును. ఇనుము వంటి లోహమైనచో ఆ చోట కొంచెము వంగి, సాగి, ఒత్తిడిని తీర్చుకొనును. గాజునకు వంగుట తెలియదు. అది నిలుచును, లేదా పగులును. నొక్కినప్పుడు గాజు మిక్కిలి గట్టిది. లాగినప్పుడు మిక్కిలి దుర్బలము. పైగా గాలిలోని తేమ బీట కొనను చేరి, దానిని దినదినము రవ్వంతగా ముందుకు నడుపును. కావున గాజునకు దెబ్బ తగిలిన క్షణమును, అది పగిలిన క్షణమును ఒకటి కానక్కరలేదు. ఈ పాఠమునకు ఇదియే ప్రాణము.

ముందు అద్దము

కారు ముందు అద్దము ఒక్క పలక కాదు. రెండు గాజు పలకల నడుమ పారదర్శకమైన ప్లాస్టిక్ పొర నుంచి అతికినది. 1903లో ఫ్రాన్సు దేశమున ఎదువార్ బెనెదిక్తూస్ అను ఆయన ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె క్రింద పడియు ముక్కలు చెదరకుండుట చూచి, లోపల ఆరిపోయిన రసాయనపు పొరయే ముక్కలను పట్టి యుంచినదని గ్రహించెనని చెప్పుదురు. 1909లో ఆయన దానికి పేటెంటు పొందెను. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 100వ నియమము కార్ల ముందు అద్దము ఇట్టి పొరల గాజుతోనే యుండవలెనని విధించుచున్నది. కావుననే ఈ అద్దము బీటలు వారునే గాని మనపై రాలిపడదు.

మన ప్రాంతము రాతికొండల సీమ. బెంగుళూరు నుండి చిక్కబళ్లాపురము, బాగేపల్లి మీదుగా అనంతపురము వైపు పోవు 44వ జాతీయ రహదారిపై గాని, చింతామణి నుండి మదనపల్లె పోవు దారిలో గాని కంకర లారీల వెంట కారు నడుపని వారు అరుదు. ముందుపోవు చక్రము విసిరిన గోరంత రాయి అద్దమునకు తగిలి ఆవగింజంత గుంట చేయును. పాటలు, మాటల నడుమ ఆ చిన్న చప్పుడు ఎవరికిని వినబడదు. గుంట మాత్రము నిలిచిపోవును.

తరువాతి పని ఎండ చేయును. బండరాతిని పలకలుగా లేపుటకు దానిపై కట్టెల మంట వేయుట మన సీమ రాతిపనివారి పాత పద్ధతి. మంట సోకిన భాగము వ్యాకోచించును. చుట్టునున్న చల్లని భాగము కదలదు. ఆ పెనగులాటలో రాయి పొరగా విడివడును. అద్దమునకును ఇదే గతి. ఒక మీటరు పొడవు గల గాజు 50 డిగ్రీల వేడి పెరిగినచో అర మిల్లిమీటరుకు కొంచెము తక్కువగా సాగును. ఈ సాగుట అద్దమంతట సమముగా జరిగినచో ప్రమాదము లేదు. కాని నడిమి భాగము ఎండకు కాలుచుండగా చట్రము క్రింది అంచులు చల్లగా నుండును. లేదా కాలిన అద్దముపై లోపలి నుండి ఏ.సి. చల్లగాలి కొట్టును, లేదా ఎవరో కడుగుటకై బకెట్టెడు చన్నీళ్లు గుమ్మరింతురు. అప్పుడు పాత గుంట నుండి బీట సాగును. రాత్రి చలికి గాని, గతుకుల రోడ్డులో కారు చట్రము మెలిపడినందున గాని ఇట్లే జరుగును. దెబ్బ మొన్నటిది, పగులు నేటిది. నడుమ నెలలు గడచి యుండవచ్చును.

పైకప్పు అద్దము

పైకప్పు అద్దమును సన్‌రూఫ్ అందురు. ఇది, ప్రక్క కిటికీల అద్దములు, సాధారణముగా మరొక జాతివి. గాజు పలకను 600 డిగ్రీలకు మించి కాల్చి, రెండు వైపుల చల్లనిగాలితో వేగముగా చల్లార్చుదురు. పై పొరలు ముందు గట్టిపడును. లోపలి భాగము తరువాత చల్లారుచు ముడుచుకొనజూచును. అందువలన పై పొరలు శాశ్వతముగా నొక్కుడులోను, లోపలి భాగము శాశ్వతముగా లాగుడులోను నిలిచిపోవును. గాజు నొక్కుడుకు ఓర్చును గనుక ఈ పలక మామూలు గాజుకంటె నాలుగైదింతలు గట్టిది.

మన పాఠశాలల క్రీడోత్సవములలో తాడులాట అందరును చూచినదే. రెండు జట్లును సమబలముతో లాగుచున్నప్పుడు తాడు కదలదు. చూచువానికి ఏమియు జరుగనట్లే యుండును. కాని తాడు తెగెనా, ఇరువైపుల వారును ఒక్కసారి వెనుకకు పడుదురు. ఇట్టి గాజులో ఆ లాగులాట రాత్రింబగళ్లు జరుగుచునే యుండును. ఒక బీట పై పొరను దాటి లోపలి భాగమును అంటిన తోడనే పలక యంతయు కన్ను మూసి తెరచునంతలో చిన్న చిన్న గింజలుగా విడిపోవును. కరిగిన గాజును నీటిలో జార్చి చేసిన తోక గల చుక్కలు ఇట్లే ప్రేలుటను 1661లో లండనులోని రాయల్ సొసైటీ పండితులు పరీక్షించిరి. ఆ చుక్క తల సుత్తి దెబ్బకు ఓర్చును. సన్నని తోకను త్రుంచినచో అంతయు పిండియగును.

ఆ బీట ఎచ్చటినుండి వచ్చును? అంచునకు పూర్వము తగిలిన దెబ్బ వలన, చట్రము బిగువు సమముగా లేనందున, రహదారి రాతి వలన రావచ్చును. 2013లో దక్షిణ కొరియా ప్రభుత్వ పరిశోధకులు పైకప్పు అద్దముల అంచున వేయు నల్లని పింగాణి పూత ఆ భాగమున గాజు బలమును తగ్గించునని చూపిరి.

మెల్బోర్న్ మేడ చెప్పిన పాఠము

ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున 1958లో ఐ.సి.ఐ. హౌస్ అను ఎత్తైన మేడ వెలసెను. కొలది కాలమునకే దాని గోడలకు అమర్చిన గట్టి గాజు పలకలు ఎవరును తాకకయే పగులసాగెను. ప్రభుత్వ శాస్త్ర సంస్థకు చెందిన బ్యాలంటైన్ పరిశోధించి 1961లో కారణము ప్రకటించెను. గాజు కరగించునప్పుడు కలిసిన నికెల్, గంధకముల నలుసులు కొన్ని పలకలలో మిగిలియుండును. నికెల్ సల్ఫైడ్ అను ఈ నలుసు 379 డిగ్రీలకు పైన ఒక రూపమును, క్రింద మరొక రూపమును దాల్చును. గాజును హఠాత్తుగా చల్లార్చుటచే అది వేడినాటి రూపములోనే చిక్కుకొని, తరువాత నెలలు, సంవత్సరములు మెల్లగా మారుచు, పరిమాణములో నూటికి 4 పాళ్ల వరకు పెరుగును. లాగుడులో నున్న నడిమి పొరలో అంత చాలును. కారు గాజు పలుచనిది గనుక దీనికి ఈ కారణము భవనముల గాజుకంటె తక్కువగా వర్తించును. అంచు దెబ్బలు, రాళ్లే ఇచ్చట ముఖ్యములు. అయినను ఎవరును తాకని గాజు పగులుట మాయ కాదని ఆ మేడ లోకమునకు నేర్పెను.

నింద మోపుటకు ముందు చూడవలసినవి

ముందు అద్దము బీటను ఒక కొన నుండి మరొక కొన వరకు చూపుతో వెంబడింపుడు. దారిలో గుంట కలదేమో వెలుపలి నుండి గోటితో తడవి చూడుడు. గోరు చిక్కినచో అది రాతి దెబ్బ. గుంట లేక, బీట అంచు నుండి బయలుదేరినచో వేడినో, చట్రపు బిగువునో, అంచు లోపమునో శంకింపవలెను. బంతి వంటి పెద్ద వస్తువు బలముగా తగిలిన చోట సాలెగూటి వలె బీటలు నలుదెసల వ్యాపించి యుండుట పరిపాటి.

పైకప్పు గాజు వెలుపలికి చిమ్మినది గనుక లోపల కూర్చున్న బిడ్డయే కొట్టి యుండునని కొందరు వాదింతురు. ఈ వాదము నిలువదు. గాజులో బంధింపబడిన బలమే గింజలను ఎగజిమ్మును. వేగముగా పోవు కారు పైన గాలి ఒత్తిడి లోపలికంటె తక్కువగా నుండుటచే అవి పైకే లేచును. గింజలను ఊడ్చుటకు ముందు ఫోటోలు తీసి, బీమా సంస్థకును విక్రేతకును తెలుపుట మంచిది.

చిన్న గుంట కనబడిన వెంటనే దుమ్ము, నీరు చేరక మునుపే బాగుచేయించుడు. గుంట దశలో స్వల్ప వ్యయముతో తీరు పని, బీట సాగిన పిమ్మట అద్దము మార్చినగాని తీరదు. కంకర లారీలకు దూరముగా నడుపుడు. కాలిన అద్దముపై చన్నీళ్లు పోయకుడు. ప్రయాణమున పైకప్పు క్రింది తెరను మూసి యుంచుడు. గాజు పగిలినను గింజలు చాలవరకు తెరపైననే నిలుచును. పగిలినప్పుడు బెదరి బ్రేకు త్రొక్కక, మెల్లగా ప్రక్కకు తీసి నిలుపుడు. గింజలను బిడ్డలచే ఏరింపకుడు.

తుదకు ఒక మనవి. కారణము కనబడలేదనుట వేరు, కారణము లేదనుట వేరు. మన బిడ్డలకు తెలుగు మాధ్యమున శాస్త్రపాఠములు చెప్పించుట ఈ భేదమును వారు తమ తల్లి మాటలలోనే తెలిసికొనుటకు గదా! అద్దము పగిలిన నాడు బిడ్డను గద్దించుటకు ముందు, వాని చేతికొక భూతద్దమిచ్చి, బీట ఎచ్చట మొదలైనదో వానినే వెదకుమనుడు. దోషమెవరిదో అద్దమే చెప్పును. దోషము వానిదైనను, తానే కనుగొన్న నిజమును బిడ్డ దాచడు.