పికప్ ట్రక్కుకి ఎగ్జాస్ట్ మార్చాలనుకుంటున్నారా?

ఎగ్జాస్ట్ మార్చాలన్న కోరిక ఎక్కువమందికి వీడియోలు చూసే పుడుతుంది. వీడియోలో ట్రక్కు కదలకుండా నిలబడి ఉంటుంది, ఫోను వెనక గొట్టం పక్కనే ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కగానే వీ8 ఇంజన్ గర్జిస్తుంది. కొన్నాక మనం ఉండేది మాత్రం గొట్టం పక్కన కాదు, క్యాబిన్ లోపల. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా కొన్ని గంటలపాటు, వెనక సీట్లో పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో. అందుకే నా దృష్టిలో ముందు చూసుకోవాల్సింది లోపల వినిపించే హోరు, బయటికి పోయే పొగ. ఇంజన్ బలం ఆ తర్వాతి మాట. అమెరికాలో ఎఫ్-150, సిల్వరాడో, రామ్ 1500, టండ్రా లాంటి ట్రక్కుల్ని ఇంటి బండిగా వాడుకునేవారి కోసం ఈ చిట్కాలు.

1. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా మారుస్తున్నారో ముందు తేల్చుకోండి. ఇంజన్‌లోంచి వచ్చే పొగ మానిఫోల్డ్‌లోకి, అక్కణ్ణుంచి కెటలిటిక్ కన్వర్టర్‌లోకి, తర్వాత మధ్య గొట్టం, మఫ్లర్, టెయిల్‌పైపుల మీదుగా బయటికి పోతుంది. కన్వర్టర్ తర్వాతి భాగమంతా మార్చేది క్యాట్-బ్యాక్. వెనక ఇరుసు దాటాక ఉన్న ముక్కని మాత్రమే మార్చేది యాక్సిల్-బ్యాక్. చాలా ట్రక్కుల్లో మఫ్లర్ ఇరుసుకి ముందే ఉంటుంది. అలాంటి బండికి యాక్సిల్-బ్యాక్ కొంటే మెరిసే గొట్టం వస్తుందే తప్ప శబ్దం పెద్దగా మారదు. ఇంటి ట్రక్కుకి క్యాట్-బ్యాక్ చాలు.

2. కెటలిటిక్ కన్వర్టర్ జోలికి వెళ్ళకండి. ఖర్చు తగ్గుతుందనో, మోత పెరుగుతుందనో దాన్ని పీకేయమని చెప్పేవాళ్ళు ఉంటారు. కాలుష్యాన్ని అదుపు చేసే భాగాల్ని తీసేయడం, పనిచేయకుండా చేయడం ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. డీజిల్ ట్రక్కుల్లో మసిని పట్టే ఫిల్టర్‌కీ ఇదే వర్తిస్తుంది. అంతకుముందు పదేళ్ళలో 5,50,000కి పైగా డీజిల్ పికప్పుల్లో ఈ పరికరాల్ని తొలగించారని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది. ఆ పొగ పీల్చేది మన వీధిలోని పిల్లలే. ఇక టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత బళ్ళకి భద్రతా తనిఖీ ఎత్తేశారు కానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హ్యారిస్, ట్రావిస్ లాంటి కౌంటీల్లో పెట్రోలు బళ్ళకి పొగ పరీక్ష ఇంకా ఉంది. కాలిఫోర్నియాలో హెడర్ల వంటి ముందు భాగాలు మార్చాలంటే ఆ భాగానికి అక్కడి వాయు మండలి ఇచ్చిన అనుమతి నంబరు ఉండి తీరాలి. కన్వర్టర్ తీసేస్తామని తమంతట తామే చెప్పే దుకాణంలో ఏ పనీ చేయించకండి.

3. హోరు గురించి తెలుసుకోకుండా డబ్బు కట్టకండి. ఎగ్జాస్ట్ మార్చినవాళ్ళు ఎక్కువగా బాధపడేది దీనితోనే. ఊళ్ళో తిరిగేటప్పుడు హాయిగా ఉన్న శబ్దం హైవే ఎక్కగానే ఒకే శ్రుతిలో చెవులు దిబ్బడేసేలా మోగుతుంది. పాటలు వినబడవు, ఫోనులో మాట తెలియదు, గంట తిరిగేసరికి తలనొప్పి. దీని వెనక లెక్క తేలికే. వీ8 ఇంజన్‌లో ఒక్కో చుట్టుకి నాలుగు సిలిండర్లు మండుతాయి. నిమిషానికి 1,800 చుట్లంటే సెకనుకి 30. నాలుగుతో హెచ్చవేస్తే 120 హెర్ట్జ్. మూసి ఉన్న క్యాబిన్‌లో ఇలాంటి లోతైన శబ్దాలే పేరుకుంటాయి, మామూలు దళసరి కార్పెట్లు వాటిని ఆపలేవు. పైగా షెవీ, జీఎంసీ వీ8 ట్రక్కుల్లో చాలావాటిలో, రామ్ హెమీలో ఇంధనం ఆదా కోసం తేలిక ప్రయాణంలో కొన్ని సిలిండర్లు వాటంతటవే ఆగిపోతాయి. నాలుగే పనిచేస్తున్నప్పుడు అదే వేగంలో శబ్దం 60 హెర్ట్జ్‌కి దిగుతుంది, ఖాళీ డ్రమ్ములో కూర్చున్నట్టుంటుంది. కంపెనీ మఫ్లర్ అంత పెద్దగా ఉండేది ఈ రెండు పరిస్థితుల్నీ అణచడానికే.

మందు లేకపోలేదు. మఫ్లర్‌తో పాటు, హోరుని తగ్గించే రెజొనేటర్ కూడా ఉన్న సెట్ కొనండి. కొన్ని సెట్లలో పక్కకి ఒక మూసిన గొట్టం ఉంటుంది. దాన్లోకి వెళ్ళిన శబ్ద తరంగం చివరికంటా పోయి తిరిగొచ్చి, అసలు తరంగానికి ఎదురై దాన్ని చంపేస్తుంది. వేడి పొగలో 120 హెర్ట్జ్‌ని ఇలా అణచాలంటే ఆ గొట్టం దాదాపు మీటరు పొడవుండాలి. బండి కింద అంత చోటుందా అని అడగండి. అన్నిటికన్నా మంచి పరీక్ష, మీ ఇంజనూ మీ క్యాబే ఉండి ఆ సెట్ బిగించిన ట్రక్కులో హైవే మీద కూర్చోవడం. అద్దాలు మూసి, 65 నుంచి 75 మైళ్ళ వేగంలో, వెనక సీట్లో కూడా కాసేపు కూర్చుని వినండి. ఒకసారి బిగించిన ఎగ్జాస్ట్‌ని చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు.

4. మఫ్లర్ లోపల ఏముందో అడగండి. లోపల రేకు గోడలతో గదులున్న మఫ్లర్ గరుకైన పాతకాలపు గర్జన ఇస్తుంది, హోరు ప్రమాదమూ దానితోనే ఎక్కువ. చిల్లుల గొట్టం చుట్టూ స్టీలు పీచో, గాజు పీచో కూరి ఉన్నది తిన్నగా సాగే మఫ్లర్. పొగకి అడ్డు తక్కువ, శబ్దం నున్నగా ఉంటుంది. గాజు పీచు కూరిన సన్నటి చౌక మఫ్లర్లలో ఏళ్ళు గడిచేకొద్దీ పీచు కాలిపోయి మోత పెరుగుతుంది. కుటుంబం తిరిగే బండికి తిన్నగా సాగే పెద్ద మఫ్లర్‌నే ఎంచుకోమంటాను. పెట్టె ఎంత పెద్దదైతే లోపల అంత నెమ్మది.

5. లావు గొట్టమే గొప్ప అనుకోవద్దు. ఇంజన్‌కి వెనక ఒత్తిడి కావాలన్న మాట నిజం కాదు. దానికి కావాల్సింది పొగ వడిగా సాగిపోవడం. మరీ లావు గొట్టంలో ఆ వడి తగ్గుతుంది, బరువూ మోతా పెరుగుతాయి. 5 నుంచి 6 లీటర్ల వీ8కి 3 అంగుళాల గొట్టం ఒకటి చాలు. జంట గొట్టాలు కావాలంటే 2.25 అంగుళాలవి రెండు పెట్టినా దానికన్నా ఎక్కువ వైశాల్యమే వస్తుంది. 4, 5 అంగుళాల గొట్టాలు పెద్ద డీజిల్ ఇంజన్లకి.

6. లోహం మీ వాతావరణాన్ని బట్టి. అల్యూమినియం పూత స్టీలు చౌక, కానీ పూత గీసుకుపోయిన చోట, వెల్డింగ్ చేసిన చోట తుప్పు మొదలవుతుంది. 409 స్టెయిన్‌లెస్ పైపైన గోధుమరంగుకి తిరిగినా గట్టిగా నిలుస్తుంది. టెక్సస్, జార్జియా లాంటి చోట్ల అదే సరైన బేరం. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీల్లో ఉండేవాళ్ళు ఇంకాస్త పెట్టి 304 రకమే తీసుకోండి. దుకాణానికి వెళ్ళేటప్పుడు ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోండి. 409కి గట్టిగా అంటుకుంటుంది, 304కి దాదాపు అంటుకోదు.

7. బలం పెరుగుతుందని మాత్రం కొనకండి. క్యాట్-బ్యాక్ ఒక్కటే మారిస్తే వచ్చే తేడా స్వల్పం. 400 హార్స్‌పవర్ ఇంజన్‌కి ఇంకో పది కలిస్తే డ్రైవరుకి తెలియదు. మైలేజీ పెరుగుతుందన్న మాటనీ లెక్కలోకి తీసుకోకండి. టర్బో ఇంజన్ల సంగతి ఇంకొకటి: ఎకోబూస్ట్ ఎఫ్-150, 2022 నుంచి వస్తున్న టండ్రా వీ6 ఇంజన్లవి. శబ్దాన్ని టర్బోలే కొంత మింగేస్తాయి. ఎంత ఖరీదైన సెట్ పెట్టినా వాటి నుంచి వీ8 గొంతు రాదు.

8. క్యాబ్, బెడ్ కొలతలు రాసుకుని వెళ్ళండి. ఒకే మోడల్లో క్యాబ్ రకాన్ని బట్టి, బెడ్ పొడవుని బట్టి చక్రాల మధ్య దూరం మారుతుంది, దాంతో గొట్టం పొడవూ మారుతుంది. బెడ్ కింద వేలాడే స్పేర్ టైరు దిగడానికి అడ్డం రాకూడదు. ట్రైలర్ లాగే హిచ్‌కీ, దాని వైరింగ్‌కీ గొట్టం వేడి తగలకూడదు.

9. పొగ ఎటు పోతుందన్నదే ప్రాణానికి సంబంధించిన విషయం. శబ్దం కోసం గొట్టాన్ని బండి కిందనే, వెనక టైరుకి ముందే ఆపేసేవాళ్ళున్నారు. అలా చేయించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. క్యాబిన్ కింద పేరుకుంటే ఏ సందులోంచైనా లోపలికి వస్తుంది. గొట్టం క్యాబ్ దాటి, వెనక టైరు కూడా దాటి, బండి అంచు బయటికి రావాలి. బెడ్ మీద క్యాంపర్ కప్పు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తపడాలి: ఇంజన్ నడుస్తున్నంతసేపు అందులో మనుషుల్నీ పెంపుడు జంతువుల్నీ ఉంచకండి. కొత్త ఎగ్జాస్ట్ బిగించాక ప్రయాణంలో తలతిరుగుడు, వికారం అనిపిస్తే వెంటనే బండి ఆపి దిగండి.

10. తెల్లవారుజామున స్టార్టు చేసి చూడండి. చల్లటి ఇంజన్ కన్వర్టర్‌ని త్వరగా వేడెక్కించడానికి మొదటి నిమిషంలో మామూలుకన్నా వేగంగా తిరుగుతుంది. అందుకే రోజంతటిలో అప్పుడే మోత ఎక్కువ. పక్కింటి పసిబిడ్డ నిద్ర కూడా మన బాధ్యతే. కాలిఫోర్నియా చట్టం, కంపెనీ నిర్ణయించిన గరిష్ఠ మొత్తం బరువు 6,000 పౌండ్లలోపు ఉన్న బళ్ళకి 95 డెసిబెల్స్ హద్దు పెట్టింది. అంతకన్నా బరువైన ట్రక్కులకి కూడా మితిమీరిన శబ్దం మీద నిషేధం ఉంది. మీ రాష్ట్రం, మీ నగరం, మీ కాలనీ సంఘం నియమాలు కొనే ముందే చదవండి.

11. వారంటీ పోతుందన్న భయం అక్కర్లేదు, ఆధారాలు మాత్రం దాచండి. బయటి భాగం బిగించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు చేయడం 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం కుదరదు. ఆ భాగం వల్లే నష్టం జరిగిందని కంపెనీ చూపించాలి. బిల్లు, బిగించినవారి రసీదు ఫైల్లో పెట్టుకోండి.

12. బిగించాక వంద మైళ్ళ లోపు క్లాంపులన్నీ మళ్ళీ బిగించండి. వేడికి లోహం సాగి సర్దుకున్నాక అవి వదులవుతాయి. గొట్టాన్ని నలిపేసే యూ-బోల్టుల కన్నా వెడల్పు పట్టీ క్లాంపులు మేలు. మొదటిసారి స్టార్టు చేసే ముందు స్టెయిన్‌లెస్ మీది వేలిముద్రలు శుభ్రంగా తుడవండి, లేకపోతే వేడికి ఆ మరకలు ఉండిపోతాయి. మొదటి రోజు కాస్త పొగా వాసనా వస్తే కంగారు పడొద్దు, తయారీలో అంటిన నూనె కాలడం అది. పాత ఎగ్జాస్ట్‌ని పారేయకుండా గ్యారేజీ గోడకి వేలాడదీయండి. లీజు బండిని తిరిగి ఇచ్చేటప్పుడు, అమ్మేటప్పుడు, లేదా హోరు భరించలేకపోయినప్పుడు అది కావాలి.